బుధవారం నాటి బోర్డు

స్తెఫను పద్నాలుగేళ్లుగా రోజూ సుద్దముక్కతో తేదీ రాస్తున్నాడు. అతను బడిపంతులు కాదు. మణుగూరు దగ్గర ఒక భూగర్భ గనిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు బొగ్గు తీసే చోటికి అందరికంటే ముందుగా వెళ్లి, చేతిలో ఉన్న కర్రతో పైకప్పును తట్టి చూడటం అతని పని. పైన పొర గట్టిగా ఉంటే కర్ర ఖంగుమంటుంది. వదులైతే డొల్లగా మోగుతుంది. చూడటం అయ్యాక పక్క గోడ మీద తేదీ, వేళ, తన పేరులో మొదటి అక్షరం రాయాలి. ఆ తేదీ చూశాకే మిగతావాళ్లు లోపలికి అడుగు పెడతారు. తేదీ పాతదైతే, ఇవాళ అక్కడికి ఎవరూ రాలేదని అర్థం. అక్కడ నిలబడకూడదు.

అతని తాత ముదిగొండ వైపు నుంచి పని వెతుక్కుంటూ బొగ్గు గనులకు వచ్చాడు. తండ్రి తట్టలతో బొగ్గు ఎత్తాడు. స్తెఫను తండ్రి ఉద్యోగంలోనే, రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ కార్మికుడిగా చేరి, షిఫ్టు నుంచి వచ్చాక పుస్తకం ముందేసుకుని, సర్దారు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఎక్కువ మాట్లాడడు. ఎవరింటికి పోయినా ముందు కప్పు చూసి తర్వాత మనిషిని చూస్తాడని తల్లి ఇన్నమ్మ ఆడిపోసుకుంటుంది. పెళ్లిలో చర్చి పీఠం ముందు నిలబడి అతను అదేపనిగా పైకి చూస్తుంటే, అల్లుడు ఎంత భక్తిపరుడో అని పెళ్లికూతురు ఫ్లోరెన్స్ తరఫువాళ్లు మురిసిపోయారు. ఎడమవైపు దూలం దగ్గర పెచ్చు లేచి ఉందని అతను మరునాడు భార్యకు చెప్పాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, ఏంజెల్. పదకొండేళ్లు. తలసేమియా అని రెండేళ్ల వయసులోనే తేలింది. ఒంట్లో రక్తం తగినంత తయారు కాదు. మూడు వారాలకొకసారి ఖమ్మం తీసుకుపోయి ఎక్కించుకురావాలి. పోవడానికి ఒక రోజు, ఎక్కించడానికి ఒక రోజు, తిరిగొచ్చాక అలసట తీరడానికి ఇంకో రోజు. బడి మానేది మూడు రోజులే. కానీ ఆ మూడు రోజులు మిగిలిన రోజుల్ని కూడా తినేసేవి.

ఐదో తరగతి వరకూ ఆమె కాలనీ పక్కనున్న ఒక కాన్వెంటులో చదివింది. పోయిన పాఠాలు స్నేహితురాళ్ల నోటుబుక్కులు తెచ్చుకుని రాసుకునేది. పరీక్షలు దగ్గరపడేసరికి బుక్కులు ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. టీచరు ఆమెను చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. అది శిక్ష కాదని, అర్థం కానివాళ్లకు విడిగా చెబుదామనే అని అన్నది కానీ, విడిగా చెప్పిన రోజు మాత్రం రాలేదు. ఏప్రిల్‌లో మళ్లీ ఐదో తరగతే చదివించమన్నారు. చదువు ఎక్కడికీ పోదు, ముందు ఆరోగ్యం చూసుకోండి అన్నారు. బతిమాలడంలో జూన్ గడిచిపోయింది. గురుకులంలో సీటు వస్తుందేమో అనుకున్నారు కానీ, మూడు వారాలకొకసారి దవాఖానాకు పోవాల్సిన పిల్లను హాస్టల్లో ఎట్లా ఉంచుతారు?

ఇక మిగిలింది కాలనీ దాటాక వాగు ఒడ్డున ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది దాకా. నడిచి పోతే ఇరవై నిమిషాలు. ఖమ్మం బస్సు ఆ గేటు ముందే ఆగుతుంది.

స్తెఫను బడిలో చూడాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాడు. కప్పు, గోడలు, నీళ్లు, ఆడపిల్లల మరుగుదొడ్డి, వాగు పొంగితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి, సార్లు ఎంతమంది. పక్కన కూర్చున్న ఏంజెల్ ఆ కాగితం చదివింది.

"డాడీ, ఇంకోటి రాయి. నేను లేని రోజుల లెక్కలు ఎవలు చెప్తరు?"

"అది తర్వాత అడుగుదాం బిడ్డా. ముందు గోడలు చూడనియ్."

ఆమె కాగితం మడిచి తండ్రి జేబులో పెట్టింది.

జూలై ఇరవై, ఆదివారం. చర్చిలో పూజ అయ్యాక తల్లిని ఇంటి దగ్గర దించి, స్తెఫను తలుపు వెనక నుంచి కర్ర తీశాడు.

"గుళ్లకెళ్లొచ్చి కర్ర వడ్తున్నవ్, ఎవలతోని కొట్లాటరా?" అంది ఇన్నమ్మ.

"బడి చూసొస్త."

"ఐతారం బడా? సార్లు లేరు, పిలగాండ్లు లేరు. గోడలకు పరీక్ష పెడ్తవా?"

"అవ్. ఎవ్వలు లేనప్పుడే సక్కగ చూడొచ్చు."

"నీ బిడ్డకు గోడలు పాఠం చెప్తయా?" అని ఆమె గొణిగింది. అతను అప్పటికే బండి తీశాడు.

బడి గేటుకు తాళం లేదు. లోపల ఎల్ ఆకారంలో ఎనిమిది గదులు. ముందు వరండా. పసుపు రంగు గోడలు కింద వానకు తడిసి, అడుగు ఎత్తు దాకా ముదురుగా ఉన్నాయి. స్తెఫను చెప్పులు విడిచి వరండా ఎక్కి, ఒక చివర నుంచి మొదలుపెట్టాడు. ఒక చేతితో కర్ర ఎత్తి తట్టడం, చెవి అటు పెట్టడం, ఒక అడుగు ముందుకు వేయడం. చాలా దూరం ఖంగుమన్నది. నీళ్ల ట్యాంకు కింద మాత్రం కర్ర డొల్లగా పలికింది. మళ్లీ తట్టాడు. మళ్లీ అదే.

"ఎవలయ్యా నువ్వు? బడిని కర్రతోని కొడ్తున్నవేంది?"

నీళ్ల బిందెతో ఒకామె వంటగది దగ్గర నిలబడి ఉంది. కరివేపాకు మొక్కకు నీళ్లు పోయడానికి వచ్చినట్టుంది.

"కొడ్తలే అక్కా. తట్టి చూస్తున్న."

"తట్టుడు, కొట్టుడు నాకు రెండొక్కటే. మూసిన బడి కాడ నీకేం పని?"

"మా బిడ్డను ఆరో తరగతిల చేర్పిద్దామని చూడొచ్చిన. నేను గనిల సర్దారును."

ఆమె బిందె కింద పెట్టింది. "గట్ల చెప్పు. చేర్పిచ్చెటోళ్లు సార్లను అడుగుతరు, మార్కులు అడుగుతరు. కప్పును కొట్టెటోన్ని నిన్నే చూసిన. మా ఆయన గూడ గని పనే. సంతల నీళ్లకుండ గూడ తట్టంది కొనడు."

ఆమె పేరు సుబ్బరత్నం. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఏది ఏ గదో వేలు పెట్టి చూపించింది. ఆరో తరగతి చివరి గది. తలుపుకు తాళం ఉంది. స్తెఫను గది వెనక్కి వెళ్లాడు. వెనక గోడకు ఉన్న కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడలేదు. దాన్ని కాస్త లాగి లోపలికి చూశాడు.

బెంచీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. నేల ఊడ్చి ఉంది. ఎదురుగా ముందు గోడ మీద నల్లబోర్డు. బోర్డు నిండా లెక్క. పన్నెండు, పద్దెనిమిది, పక్కన నిలువు గీత, మెట్లు మెట్లుగా దిగిన అంకెలు. పైన కుడి మూలలో తేదీ. పదహారు, ఏడు, ఇరవై ఐదు. బుధవారం.

స్తెఫను వేళ్ల మీద లెక్క పెట్టాడు. గురువారం, శుక్రవారం, శనివారం. మూడు రోజులు. మరోసారి చూశాడు, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని. తేదీ అదే.

"అక్కా, ఆరో తరగతికి సార్లు రోజు వస్తరా?"

"రాకపోతే రోజు డెబ్బై మందికి ఎందుకు వండుతున్న?"

"అన్నం సంగతి కాదక్కా. పాఠం సంగతి."

"పాఠం సంగతి నాకేమెరుక? నా కొలువు పొయ్యి కాడ. ఆ గదుల మెట్లు నేనెక్క." అతని ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. "ఏమైంది తమ్మీ?"

"ఏం లేదు," అన్నాడు స్తెఫను. కిటికీ రెక్క ఎట్లా ఉందో అట్లాగే పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో ఫ్లోరెన్స్ కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. కాలు ఆపకుండానే అడిగింది. "ఎట్లుంది?"

"గోడలు మంచిగున్నయ్. వాగు నీళ్లు బడి దాకా రావు. బోరుంది. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, నేను ఏస్త. ట్యాంకు కింద ఒక్క కాడ పెచ్చు డొల్ల."

"మరి ఇంకేంది?"

"వద్దు."

మిషను ఆగింది. అతను బోర్డు సంగతి చెప్పాడు. మూడు రోజులుగా ఆ గదిలో ఎవరూ సుద్దముక్క పట్టలేదని, తేదీయే చెబుతోందని అన్నాడు.

"గది గని కాదయ్యా."

"తేదీ ఏడ రాసినా తేదీయే. పాత తేదీ ఉన్న కాడ నా మనుషులను నిలవెట్ట. నా బిడ్డను నిలవెడ్తనా?"

"మరి ఏడ నిలవెడ్తం? చెప్పు. కాన్వెంటోళ్లు మళ్ల అయిదో తరగతే అంటుండ్రు. గురుకులం కుదరదు. ఇంట్ల కూసోవెడ్దామా?"

ఏంజెల్ మంచం మీద కూర్చుని ఉంది. పొద్దుటి మాత్ర నీళ్లలో కరిగించుకుని తాగిన గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. తండ్రి వద్దన్నా ఆమె ముఖం ఏమీ మారలేదు. అది చూసే ఫ్లోరెన్స్‌కు భయం వేసింది. గత ఏడాది నుంచి ఆ పిల్ల ఏదీ గట్టిగా అడగడం మానేసింది.

"ఒక్క మాటంట విను," అంది ఫ్లోరెన్స్. "గనిని మనుషులు లేనప్పుడు చూస్తవ్, సరే. బడిని పిల్లలున్నప్పుడు చూడాలె. ఈ వారం నీది రెండో షిఫ్టే కద. పొద్దుగాల పోయి, ఆ తేదీ ఏందో వాళ్లనే అడుగు. అడిగినంక వద్దంటే నేను గూడ వద్దంట."

"నేను గూడ వస్త," అంది ఏంజెల్.

మంగళవారం పదకొండింటికి తండ్రీ కూతుళ్లు బడికి వెళ్లారు. ఈసారి కర్ర తీసుకుపోవద్దని ఇన్నమ్మ దాన్ని మంచం కింద దాచింది. ఆఫీసు గదిలో ఎవరూ లేరు. వంటగది నుంచి సుబ్బరత్నం చేత్తో చివరి గది చూపించింది. "పెద్దసారు గాడనే ఉన్నడు, పో!"

ఆరో తరగతి గుమ్మం దగ్గర స్తెఫను ఆగిపోయాడు.

ముందు గోడ మీద బోర్డు అట్లాగే ఉంది. పదహారు, ఏడు. ఇవాళ్టికి ఆరు రోజులు. పిల్లలు పదిహేను, పదహారు మంది ఉంటారు. అందరూ ఆ బోర్డుకు వీపు పెట్టి, బెంచీలు తిప్పుకుని, వెనక గోడ వైపు కూర్చున్నారు. ఒక్క పిల్ల మాత్రం, నూనె రాసి గట్టిగా జడ వేసుకున్న పిల్ల, ముందు బోర్డు వైపు తిరిగి నేల మీద ఒంటరిగా కూర్చుని, తల వంచి రాసుకుంటోంది.

ఏంజెల్ తండ్రి వేలు పట్టుకుంది. అతనికి చివరి బెంచీ గుర్తొచ్చింది. ఆమెకూ అదే గుర్తొచ్చి ఉంటుంది.

"సార్," అన్నాడు. గొంతు అతను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆ పిల్లను ఎందుకు ఒక్కదాన్నే కూసోవెట్టిండ్రు?"

పిల్లలందరూ ఇటు తిరిగారు. వెనక గోడ దగ్గర నుంచి ఒక యాభై ఏళ్ల మనిషి ముందుకు వచ్చాడు. చొక్కా జేబు అంచు, కుడిచేతి వేళ్లు సుద్దతో తెల్లగా ఉన్నాయి. ఆయన పేరు ఉదయ్ భాస్కర్. లెక్కలు చెబుతాడు. హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ పని కూడా ఆయనదే.

"మీరెవరండీ?"

స్తెఫను చెప్పాడు. ఆదివారం వచ్చింది, కిటికీలోంచి చూసింది, తేదీ, అన్నీ చెప్పాడు. తన పని గురించి కూడా రెండు మాటల్లో చెప్పాడు. "మా దగ్గర తేదీ పాతదుంటే మనిషి రాలేదని లెక్క సార్. మూడు రోజులు ఎవ్వలు రాలేదనుకున్న. ఇయ్యాల్టికి ఆరు రోజులు."

ఉదయ్ భాస్కర్ ముఖం కాసేపు ముడుచుకుంది. తర్వాత ఆయన పక్కకు తప్పుకుని వెనక గోడ చూపించాడు. కిటికీ పక్కనే ఇంకో బోర్డు ఉంది. స్తెఫను ఆదివారం ఆ గోడ అవతల నిలబడే లోపలికి చూశాడు. అటు నుంచి అది కనపడే వీలు లేదు. దాని మీద ఇరవై రెండు, ఏడు అని రాసి ఉంది.

"మరి ఇదెందుకు చెరపలే సార్?"

ఆయన జవాబు చెప్పేలోగా వెనక నుంచి ఒక పిల్లవాడు లేచాడు. "భవాని రాలే కద అంకుల్! వాగచ్చింది."

"నాగచైతన్యా, నిన్ను అడిగిండ్రా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. కానీ కూర్చోమనలేదు.

సంగతి ఇదీ. ఆ బడికి వాగు అవతల అడవిలోని కోయ గూడేల నుంచి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. వాన పడితే వాగు దాటలేరు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి వారం. మిగతా పాఠాలు పుస్తకం చూసి ఎట్లాగో పట్టుకుంటారు. లెక్కల్లో మాత్రం కొత్త పాఠం మొదలైన రోజు పోయిందంటే ఆ తర్వాతవేవీ ఎక్కవు. అందుకని కొత్త పాఠం చెప్పిన రోజు ఎవరు రాకపోయినా, వాళ్లు వచ్చి రాసుకుని అర్థమైందనే దాకా ముందు బోర్డు చెరపరు. అప్పటిదాకా అందరూ బెంచీలు తిప్పుకుని వెనక బోర్డుతో గడుపుతారు.

"మూడేళ్లాయె మొదలుపెట్టి," అన్నాడు ఉదయ్ భాస్కర్. "నేనేదో కనిపెట్టిన అనుకోకండి. ఒకసారి నేను చెరపబోతే పిల్లలే ఆపిండ్రు. సార్, వానికి చెప్పలే, అని."

నేల మీద కూర్చున్న భవాని రాయడం ఆపలేదు. ఆమె పొద్దున్నే, మోకాళ్ల లోతు నీళ్లలో, తండ్రి వెంట వాగు దాటి వచ్చింది. పరికిణీ అంచు ఇంకా తడిగానే ఉంది.

"మరి ఈ బోర్డు మీద నీకేం కోపమురా?" అని ఉదయ్ భాస్కర్ నాగచైతన్యను అడిగాడు. "చెప్పు, అంకుల్‌కు చెప్పు."

"నేను ఎనక బెంచీల కూసుంట అంకుల్," అన్నాడు నాగచైతన్య. "బెంచీలు తిప్పితే ముందటి బెంచయితది. భవాని రానన్ని దినాలు నన్నే లేపుతడు సార్. ఓ భవానీ, జల్దీ రాయవే తల్లీ, నీకు దండం పెడ్త!"

క్లాసంతా నవ్వింది. భవాని తల ఎత్తకుండానే, "ఇంక రెండు మెట్లున్నయ్. ఆగు," అంది.

స్తెఫను ముందు బోర్డు దగ్గరకు వెళ్లాడు. తేదీ వంక చూశాడు. గనిలో పొరపాటు పడితే పై అధికారి ముందు ఒప్పుకుని పుస్తకంలో రాయాలి. ఇక్కడ రాయడానికి పుస్తకం లేదు.

"నేనే తప్పు చూసిన సార్," అన్నాడు. తర్వాత బోర్డు మూల చూపించి, "ఒక్క మాట. ఎందుకు చెరపలేదో మూలకు రాసి పెట్టుండ్రి. నా అసోంటోడు ఎవడన్నా కిటికీలకెళ్లి చూస్తే భయపడ్తడు."

ఈసారి ఉదయ్ భాస్కర్ నవ్వాడు. "ఇన్నేళ్లలో ఆదివారం వచ్చి కిటికీలోంచి చూసింది మీరొక్కరే. అయినా రాయిస్త."

ఏంజెల్ తండ్రి వేలు వదిలింది. ఆమె ఆ గదిలోకి వచ్చాక మాట్లాడటం అదే మొదలు.

"సార్, నేను మూడు వారాలకొక్కసారి దవాఖానాకు పోవాలె. మూడు దినాలు రాను. ప్రతిసారి గట్లనే. అప్పుడు గూడ చెరపరా?"

స్తెఫను జేబులో కాగితం మీద ఆ ప్రశ్న ఒక్కటే రాయలేదు.

ఉదయ్ భాస్కర్ వెంటనే అవుననలేదు. ఆమె జబ్బు ఏమిటో స్తెఫనును అడిగి తెలుసుకున్నాడు. క్యాలెండరు దగ్గరకు వెళ్లి వచ్చే తారీకు ఎప్పుడో అడిగాడు. తర్వాత ఆమె ముందు కాస్త వంగాడు.

"కొత్త పాఠం ఆ మూడు రోజుల్లో పడితే బోర్డు ఉంటది. కానీ రాసుకునుడు నీ పనే. ఎవ్వరు రాసి పెట్టరు. అర్థం కాలేదంటే మళ్ల చెప్త. అర్థం కాకుండనే అయిందన్నవో, అప్పుడు కోప్పడ్త. సరేనా? ఇంకోటి గూడ చెప్తున్న, మీ డాడీ విననీ. మాకు హిందీ సార్ లేడు. ఈ ఏడు వస్తడో రాడో తెల్వదు."

"సరే సార్," అంది ఏంజెల్.

"అంటే మూడు వారాలకొక్కసారి నేను ముందటి బెంచీనా!" నాగచైతన్య రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "వద్దు సార్, ఈ పిల్లను ఏడో తరగతిల ఏయ్యుండ్రి!"

ఏంజెల్ నవ్వింది. పైకి వినపడేలా నవ్వింది. స్తెఫను కప్పు వైపు చూశాడు, అలవాటు కొద్దీ. అక్కడ చూడాల్సింది ఏమీ లేదు. అయినా కాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చాక ట్యాంకు కింద పెచ్చు సంగతి ఉదయ్ భాస్కర్‌కు చూపించాడు. కర్ర లేదు కాబట్టి సుబ్బరత్నం దగ్గర పొడుగాటి గరిటె అడిగి తీసుకుని, దాంతో తట్టి, డొల్ల ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో సుద్దతో గీత గీశాడు. పక్కన తేదీ వేసి, తన అక్షరం రాశాడు. పిల్లలు ఆ కింద అన్నం తింటారని తెలిసి, మేస్త్రీ వచ్చి పెచ్చు రాలగొట్టే దాకా తాడు కట్టమన్నాడు.

"నా గరిట వంగితే కొత్తది నువ్వే తేవాలె," అంది సుబ్బరత్నం. తర్వాత ఏంజెల్ గడ్డం పట్టుకుని చూసింది. "నెత్తురు తక్కువ లెక్కుంది. మునగాకు వండిపెడ్త, తిను బిడ్డా."

"వద్దక్కా," అన్నాడు స్తెఫను. ఈ మాట అతను ఊరందరికీ చెప్పాడు. "నెత్తురు ఎక్కిస్తరు కాబట్టి ఇనుము ఒంట్ల ఎక్కువైతది. మునగాకు, బెల్లం పెట్టొద్దన్నరు."

అందరూ ఈ మాట విని వింతగా చూసేవాళ్లే. సుబ్బరత్నం కూడా చూసింది. కానీ వాదించలేదు. "అయితే మునగాకు పప్పు దినం ఈమెకు చారు పోస్త. యాదికి చెయ్యి బిడ్డా, నాకు మతిమరుపు."

ఇంటికి వెళ్లేసరికి ఫ్లోరెన్స్ గుమ్మంలోనే ఉంది. స్తెఫను బండి స్టాండు వేస్తూ, "రేపటికెళ్లి పోతది," అన్నాడు. ఫ్లోరెన్స్ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది. మిషను చాలాసేపటి దాకా మొదలు కాలేదు. ఇన్నమ్మ మాత్రం మంచం కింద నుంచి కర్ర తీసి కొడుకు చేతికిచ్చింది. "గోడలేమన్నయిరా?" అని అడిగింది.

"ఏమనలే. పిల్లలే చెప్పిండ్రు."

ఆగస్టు మూడో వారంలో ఏంజెల్‌కు రక్తం ఎక్కించే రోజు వచ్చింది. బడిలో చేరాక ఇది రెండోసారి. మొదటిసారి పోయినప్పుడు కొత్త పాఠం పడలేదు. ఈసారి ఫ్లోరెన్స్ బిడ్డను తీసుకుని సోమవారమే బస్సెక్కింది. తొందరలో సెలవు చీటీ ఇంట్లోనే మరచిపోయింది. స్తెఫనుకు రెండో షిఫ్టు. మంగళవారం గనికి పోతూ దారిలో బడి దగ్గర ఆగాడు.

వరండాలో ట్యాంకు కింద కొత్త సిమెంటు ఇంకా తెల్లబారలేదు. పిల్లలు అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్నారు. ఆఫీసులో చీటీ ఇచ్చి, చివరి గది దాకా నడిచి, గుమ్మంలోంచి చూశాడు. బెంచీలు వెనక్కి తిరిగి ఉన్నాయి. ముందు బోర్డు మీద నిన్నటి తేదీ. మూలన, పిల్లల అక్షరాల్లో, 'ఏంజెల్ వచ్చేదాకా చెరపొద్దు' అని ఉంది. దాని కింద ఇంకా చిన్నగా, వంకరగా, 'జల్దీ రా'.

అతను గేటు దాకా వచ్చి ఫోను చేశాడు. ఫ్లోరెన్స్ ఎత్తి బిడ్డకు ఇచ్చింది.

"సూది ఏసిండ్రా బిడ్డా?"

"ఎప్పుడో. సగం సంచి అయిపోయింది. బడికి పోయినవా డాడీ?"

"పోయిన. చీటీ ఇచ్చిన."

"బోర్డు?"

"ఉంది. నీ పేరు రాసిపెట్టిండ్రు. నువ్వొచ్చేదాకా చెరపొద్దని. కింద ఎవలో జల్దీ రా అని గూడ రాసిండ్రు."

"నాగచైతన్య గాడే." అటు వైపు వార్డులో ఎవరో దగ్గుతున్నారు. "ఏం పాఠం డాడీ?"

స్తెఫను గుర్తు చేసుకున్నాడు. "పైన ఒక అంకె, కింద ఒక అంకె. నడుమ గీత."

"భిన్నాలు! కూడికనా, తీసివేతనా?"

"అది చూడలే బిడ్డా. తేదీ చూసిన. నీ పేరు చూసిన."

"డాడీ! అసలు చూసేది చూడవు!"

వెనక నుంచి ఫ్లోరెన్స్ నవ్వు వినపడింది. స్తెఫను చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా పది. రెండున్నరకు గని దగ్గర ఉండాలి.

"ఫోను పెట్టకు," అని, బండి తాళంచెవి జేబులో వేసుకుని, అతను మళ్లీ చివరి గది వైపు నడిచాడు.